పక్కింటి వైఫైకి పాస్‌వర్డ్ లేదు, వాడుకుంటే కేసు అవుతుందా?

పానగల్_పోరడు:
నల్లగొండలో రూమ్ తీసుకుని గ్రూప్-2కు చదువుతున్నాను. ఫోన్ ప్యాక్‌లో రోజుకు ఒకటిన్నర జీబీ, రెండు క్లాసులు వింటే మధ్యాహ్నానికే అయిపోతుంది. మొన్న వైఫై ఆన్ చేస్తే పక్కింటిది తాళం గుర్తు లేకుండా కనిపించింది, నొక్కగానే కనెక్ట్ అయింది. పది రోజులుగా దాంట్లోనే వింటున్నా, క్లాసులు తప్ప ఇంకేం చూడలేదు (ఒక్క క్రికెట్ మ్యాచ్ తప్ప). మా రూమ్మేట్ ఏమో ఇది దొంగతనమే, సైబర్ పోలీసులు వస్తారు అని భయపెడుతున్నాడు. పాస్‌వర్డ్ పెట్టలేదంటే ఎవరైనా వాడుకోవచ్చనే కదా? నేనేం హ్యాక్ చేయలేదు. ఆ ఇంటాయన పెద్దమనిషి, ఎప్పుడూ మాట్లాడింది లేదు. తెలిసినవాళ్లు చెప్పండి, టెన్షన్‌గా ఉంది.

మిర్యాలగూడ_మామ:
లైట్ తీసుకో తమ్మీ. వాళ్ల వాకిట్లో లైటు వెలుగు నీ కిటికీలో పడితే ఆ వెలుగులో చదువుకుంటే నేరమా? సిగ్నల్ నీ రూమ్‌లోకి వచ్చింది, నువ్వు పోయి తెచ్చుకోలేదు. ఆయనకు అన్‌లిమిటెడ్ ప్లాన్ ఉంటే ఒక్క రూపాయి బిల్లు కూడా పెరగదు. నువ్వు పరీక్ష సంగతి చూడు.

పాలమూరు_వకీలు:
పై మాట వినడానికి బాగుంది కానీ కోర్టులో నిలవదు. వెలుగు దానంతట అదే వచ్చి పడుతుంది. వైఫై అలా కాదు, నీ ఫోన్ అడిగితే ఆయన వైఫై డబ్బా (రౌటర్) జవాబు చెప్పి, నీ ఫోన్‌కు ఒక అడ్రస్ ఇచ్చి లోపలికి రానిస్తుంది. పక్కింటి గేటు తీసి ఉందని లోపలికి పోయి వాళ్ల బోరు మోటార్ ఆన్ చేసి బిందెలు నింపుకోవడం లాంటిది ఇది.

ఇక చట్టం. 2000 నాటి ఐటీ చట్టంలో 43వ సెక్షన్ ఉంది. కంప్యూటర్‌లోకి గానీ నెట్‌వర్క్‌లోకి గానీ ఓనర్ లేదా దాని బాధ్యత చూసే మనిషి అనుమతి లేకుండా పోతే, నష్టపరిహారం కట్టాలి. అందులో "అనుమతి" అని ఉంది, "పాస్‌వర్డ్" అని లేదు. కాబట్టి తాళం లేదు కదా అనే వాదన ఒక్కటే నిన్ను కాపాడదు. అదే పనిని దురుద్దేశంతో, మోసంతో చేస్తే 66వ సెక్షన్ వస్తుంది, మూడేళ్ల దాకా జైలు లేదా 5 లక్షల దాకా జరిమానా, లేదంటే రెండూ. ఫోన్ దానంతట అదే కనెక్ట్ అయితే దురుద్దేశం అనలేరు, కానీ తెలిసి పది రోజులు వాడానని నువ్వే రాసుకున్నావు తమ్ముడూ. పాస్‌వర్డ్ ఎవరిదో దొంగిలించి వాడితే అది ఇంకో సెక్షన్, 66సి.

భయపెట్టడానికి చెప్పట్లేదు. క్లాసులు విన్నందుకే ఎవరూ స్టేషన్‌కు పోరు. అసలు చిక్కు వేరే ఉంది, కింద ఎవరైనా టెక్నికల్ వాళ్లు చెప్తారు.

జడ్చర్ల_కేబుల్:
వకీలు గారు నన్నే అడిగినట్టుంది 😀 నేను ఇళ్లకు నెట్ లైన్లు వేస్తాను. బయటి నుంచి చూస్తే ఆ ఇంట్లో ఎన్ని ఫోన్లు ఉన్నా అన్నీ ఒకే ఐపీ అడ్రస్‌తో (నెట్‌లో ఆ కనెక్షన్‌ను గుర్తుపట్టే నంబర్) కనిపిస్తాయి, అది ఆ ఇంటాయన పేరు మీద ఉంటుంది. ఎవడో అదే వైఫైలో కూర్చుని పిచ్చి మెసేజ్ పెట్టినా, ఎవరి ఖాతాలో డబ్బులు కొట్టేసినా ముందు తలుపు కొట్టేది పెద్దాయనదే, ఆ తర్వాత ఇంకెవరు వాడుతున్నారు అని వెతికితే నీ ఫోనూ లిస్టులోకి వస్తుంది. 2008లో అహ్మదాబాద్ పేలుళ్లప్పుడు బెదిరింపు మెయిల్ నవీ ముంబైలో ఉండే ఒక అమెరికన్ ఇంటి వైఫై నుంచి పోయింది. ఆయనకు ఏ సంబంధమూ లేదు, అయినా పోలీసుల విచారణ తప్పలేదు.

ఇంకోటి, ఓపెన్ వైఫైలో గాలిలో పోయేదానికి ఆ లింకు దగ్గర తాళం ఉండదు. బ్యాంకు యాప్‌లూ చాలా సైట్లూ సొంతంగా తాళం వేసుకునే వస్తాయి కాబట్టి పాస్‌వర్డ్ నేరుగా కనపడదు గానీ, నువ్వు ఏ సైట్ తెరిచావో చాలాసార్లు తెలిసిపోతుంది. ఆ వైఫై పెద్దాయనదే అని నీకు గ్యారంటీ కూడా లేదు, ఆ పేరుతో ఎవడైనా హాట్‌స్పాట్ పెట్టొచ్చు.

పోయి అడుగు, అంతే. ఆయన సరే అంటే రౌటర్‌లో గెస్ట్ నెట్‌వర్క్ అని ఉంటుంది, దానికి వేరే పాస్‌వర్డ్ పెట్టించు, వాళ్ల టీవీ, ఫోన్లు ఒకవైపు, నువ్వు ఒకవైపు. నెలకు ఎంతో కొంత ఇవ్వు. కాకపోతే కనెక్షన్ ఇంటి బయటివాళ్లకు పంచకూడదని చాలా కంపెనీల షరతుల్లో ఉంటుంది, అది కూడా చూసుకోమను.

మిర్యాలగూడ_మామ:
సరే వకీల్ సాబ్, వాకిట్లో లైటు ఆర్పేశాను.

పానగల్_పోరడు:
అప్‌డేట్. నిన్న సాయంత్రం పోయి ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను. పెద్దాయన కోప్పడతాడనుకుంటే, "నాదానికి పాస్‌వర్డ్ ఉండాలి గదా బిడ్డా?" అని నన్నే అడిగిండు. మొన్నోసారి నెట్ రాకపోతే వచ్చిన పిల్లగాడు డబ్బాను రీసెట్ చేసి పోయాడట, అప్పటి నుంచి అలాగే ఉంది. జడ్చర్ల అన్న చెప్పినట్టు గెస్ట్ నెట్‌వర్క్ పెట్టాను, ఆయనదానికి కూడా పాస్‌వర్డ్ పెట్టి కాగితం మీద రాసి టీవీ వెనక అతికించాను. నెలకు రెండు వందలు ఇస్తానంటే వద్దన్నాడు, ఆధార్ అప్‌డేట్‌కు తోడు రమ్మన్నాడు.

ఒక్కటే సమస్య. పాస్‌వర్డ్ పెట్టిన పది నిమిషాలకు మా బిల్డింగ్‌లో పై రూమ్ వాళ్లు, కింద రూమ్ వాళ్లు, మా రూమ్మేట్‌తో సహా, "నెట్ ఎందుకు పోయింది రా" అని బయటికి వచ్చారు.