నోటితో అడిగితే అన్నీ చెప్తాడు, పేపర్ మీద 25కి 7. ముందు రాత బాగుచేయించాలా, ఒలింపియాడ్‌కి పంపాలా?

చిన్నోడి అమ్మ, హైదరాబాద్:

అందరికీ నమస్తే అండి, పోస్ట్ కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి. మా బాబుకి 9 ఏళ్ళు, ఫోర్త్ క్లాస్, సీబీఎస్‌ఈ స్కూల్. 2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 దిగిన సాయంత్రం టీవీ ముందు నుంచి లేవలేదు, ఆ రోజు పట్టుకున్న రాకెట్ల పిచ్చి ఇప్పటికీ వదల్లేదు. దాన్ని మోసుకెళ్ళిన ఎల్‌వీఎం3 రాకెట్ పక్కన ఉండే రెండు ఎస్200 బూస్టర్లు ఏం చేస్తాయి, మధ్యలో ఎల్110 దశని నేల మీదే వెలిగించకుండా పైకి వెళ్ళాక ఎందుకు వెలిగిస్తారు, పైన సీ25 దశలో అంత చల్లటి ఇంధనం దేనికి, ఇవన్నీ వాళ్ళ తాతయ్యకి గ్లాసులు పేర్చి మరీ చెప్తాడు. శ్రీహరికోట గ్యాలరీకి తీసుకెళ్తే పక్కన కూర్చున్న కాలేజీ పిల్లలు వీడు చెప్పేది ఆగి విన్నారు.

అదే పిల్లాడికి మొన్న సైన్స్ యూనిట్ టెస్ట్‌లో 25కి 7 వచ్చాయి. పేపర్ సగం ఖాళీ, రాసినవి కూడా ఒక్కో మాట, అక్షరాలు గీత మీద నిలబడవు, తెలుగులో అయితే వత్తులు అసలు ఉండవు. ఇంటికొచ్చాక అదే పేపర్ నేను నోటితో అడిగితే ఒక్కటి తప్ప అన్నీ చెప్పాడు, ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. స్కూల్లో టీచర్ ఏమో తెలివి ఉంది కానీ బద్ధకం అంటారు, మా ఇంట్లో పెద్దవాళ్ళు నాలుగు తగిలిస్తే అదే వస్తుంది అంటారు. సైకాలజిస్ట్ దగ్గర ఐక్యూ టెస్ట్ చేయిస్తే 112 వచ్చింది, సగటు కన్నా కొంచెం ఎక్కువే, ప్రాబ్లమ్ ఏం లేదు, శ్రద్ధగా కూర్చోబెట్టి రాయించండి అన్నారు. ఇప్పుడు స్కూల్ వాళ్ళు సైన్స్ ఒలింపియాడ్ క్లాస్ నుంచి తీసేస్తాం, ఆ టైమ్‌లో హ్యాండ్‌రైటింగ్ ప్రాక్టీస్ చేయించండి అంటున్నారు. వాడు వారం నుంచి పొద్దున్నే కడుపునొప్పి అంటున్నాడు. ఒకే పిల్లాడిలో ఇంత తెలివి, ఇంత ఇబ్బంది రెండూ ఉంటాయా అండి? నేను ముందు ఏది చూసుకోవాలి?

స్పెషల్ ఎడ్యుకేటర్, విజయవాడ:

ఉంటాయి అమ్మా. ఇలాంటి పిల్లల్ని ట్వైస్ ఎక్సెప్షనల్ అంటారు, రాసేటప్పుడు టూ ఈ అని కూడా రాస్తారు. వీళ్ళతో వచ్చే చిక్కేంటంటే తెలివి ఇబ్బందిని కప్పేస్తుంది, ఇబ్బంది తెలివిని కప్పేస్తుంది, బయటివాళ్ళకి రెండూ కనపడక మామూలు పిల్లాడు, కాకపోతే ఒళ్ళు వంచడు అన్నట్టు కనిపిస్తాడు. ఒకటో క్లాసు, రెండో క్లాసు దాకా జ్ఞాపకశక్తితో లాక్కొస్తారు, మూడు నాలుగుకి వచ్చేసరికి రాసే పని ఒక్కసారిగా పెరుగుతుంది, అక్కడ దొరికిపోతారు. మీ బాబు వయసు సరిగ్గా అదే.

ఆ 112 అనే ఒక్క అంకె పట్టుకుని ఏమీ అనుకోకండి. పిల్లల ఐక్యూ టెస్ట్ విస్క్ నాలుగో ఎడిషన్ అయితే రిపోర్ట్‌లో నాలుగు విడి స్కోర్లు ఉంటాయి: మాటలతో ఆలోచించడం, చూసి ఆలోచించడం, వర్కింగ్ మెమరీ అంటే విన్నది మనసులో పట్టుకుని పని చేయడం, ప్రాసెసింగ్ స్పీడ్ అంటే చూసిన పని గబగబా పూర్తి చేసే వేగం. ఆ నాలుగూ ఇక్కడ పెట్టగలరా?

ఇంకొకటి, తెలుగు వత్తుల గురించి చెప్పారు కాబట్టి. మన లిపిలో వినపడే వరుస ఒకటి, రాసే చోటు ఒకటి. ఉష్ణోగ్రత అనే మాట తీసుకోండి, ఓ శబ్దం ణ తర్వాత వినపడుతుంది కానీ గుర్తు ష మీద పెడతాం, ణ ఏమో వత్తుగా కిందకి వెళ్ళిపోతుంది. చెయ్యి, కన్ను, చెవి మూడూ ఒకేసారి కలవాలి. ఇలాంటి పిల్లలు ఉషణోగరత అని రాస్తారు, అంటే శబ్దాలు సరిగ్గానే విన్నారు, అమర్చడం దగ్గర ఆగిపోయారు. ఇంగ్లీష్‌లో కష్టం వేరే, అక్కడ స్పెల్లింగ్ ఒకలా ఉంటుంది పలకడం ఇంకోలా ఉంటుంది. అందుకే రెండు భాషల్లోనూ నోట్‌బుక్స్ చూడకుండా ఎవరూ ఏమీ తేల్చకూడదు, ఇంగ్లీష్ ఒక్కటే చూసి పంపించేసిన కేసులు నా దగ్గరికి చాలా వచ్చాయి.

చిన్నోడి అమ్మ, హైదరాబాద్:

మేడమ్ రిపోర్ట్ తీశాను. వెర్బల్ కాంప్రహెన్షన్ 136, పర్సెప్చువల్ రీజనింగ్ 125, వర్కింగ్ మెమరీ 97, ప్రాసెసింగ్ స్పీడ్ 78. ఇవి మాకు అసలు చదివి కూడా చెప్పలేదండి, చివరి పేజీలో ఉన్నాయి.

స్పెషల్ ఎడ్యుకేటర్, విజయవాడ:

చూశారా అమ్మా. ఈ స్కోర్లకి 100 అంటే సగటు. 136 అంటే తోటి పిల్లలు వందమందిలో ఒకరిద్దరికి వచ్చే స్కోరు, 78 అంటే అడుగు నుంచి పదిమందిలోపు. ఇంత తేడా ఉన్న నాలుగు స్కోర్లనీ కలిపి 112 అని చెప్పడం అంటే ఒక చెయ్యి మంచులో ఒక చెయ్యి మరిగే నీళ్ళలో పెట్టి సగటున గోరువెచ్చగా ఉంది అన్నట్టే. ఇంత తేడా ఉన్నప్పుడు జనరల్ ఎబిలిటీ ఇండెక్స్ అని మొదటి రెండు భాగాలతో వేరే లెక్క కడతారు, అది వేసి ఇవ్వమని అదే సైకాలజిస్ట్‌ని అడగండి, కొత్త టెస్ట్ అక్కర్లేదు. దాంతోపాటు చదవడం, రాయడం, లెక్కలు విడిగా పరీక్షించే లెర్నింగ్ డిసెబిలిటీ అసెస్‌మెంట్ కావాలి, మన దేశంలో బెంగళూరు నిమ్‌హాన్స్ సంస్థ తయారుచేసిన బ్యాటరీ, అంటే టెస్టుల సెట్, వాడతారు. పెన్సిల్ పట్టు, చేతి కండరాలు ఒక ఆక్యుపేషనల్ థెరపిస్ట్ చూడాలి. రాత ఇబ్బంది ఒక్కటేనా, డిస్‌గ్రాఫియా అనే రాతకి సంబంధించిన లెర్నింగ్ డిసెబిలిటీనా, దానికి శ్రద్ధ నిలవని ఏడీహెచ్‌డీ తోడైందా అన్నది అప్పుడే తెలుస్తుంది, ఇక్కడ కూర్చుని నేను చెప్పకూడదు.

మీ అసలు ప్రశ్నకి మాత్రం గట్టిగా చెప్తాను, ఒలింపియాడ్ తీసేయనివ్వకండి. వాడికి స్కూల్లో నేను పనికొస్తాను అనిపించే గంట అదొక్కటే. అది తీసేసి ఆ గంటలో కూడా వాడికి రానిదే చేయిస్తే కడుపునొప్పి ఇంకా పెరుగుతుంది. రాత బాగయ్యాక సైన్స్ అనకండి, రెండూ పక్కపక్కనే నడవాలి.

సర్కారు బడి టీచర్, ఒంగోలు:

నేను క్లాస్‌రూమ్ వైపు నుంచి ఒక మాట చెప్తానండి. నా తరగతిలో 40 పైన పిల్లలున్నారు, మీ బాబు లాంటి వాడు ఒకడు ఉంటే నేను కూడా మొదట బద్ధకం అనే అనుకున్నాను, ఆరు నెలలు అలాగే అనుకున్నాను, దానికి నాకు ఇప్పటికీ బాధే. మాకు బీఈడీలో ఇది పేజీన్నర చెప్పారు. కాబట్టి టీచర్ మీద కోపంతో వెళ్ళకుండా చిన్న కోరికతో వెళ్ళండి. సైన్స్ టెస్ట్ వాడికి ఏం తెలుసో చూడ్డానికి పెట్టేది, ఎంత గబగబా రాస్తాడో చూడ్డానికి కాదు కదా, రాసిన పేపర్ తీసుకున్నాక ఖాళీగా వదిలిన ప్రశ్నలు ఐదు నిమిషాలు నోటితో అడిగి మార్కులు వేయగలరా అని అడగండి. నేను నా తరగతిలో ఆ పిల్లాడికి ఇంటర్వెల్‌లో అలాగే చేశాను, పెద్ద కష్టం కాలేదు. బోర్డు మీద నుంచి కాపీ చేయించడం మానేసి పక్క పిల్ల నోట్స్ జిరాక్స్ ఇచ్చినా చాలు, సగం రోజు మిగులుతుంది వాడికి.

ఓరుగల్లు నాన్న:

చెల్లె, నీ పోస్ట్ చదివి మా ఇంట్ల కథే అనిపించింది. మా బిడ్డ ఇప్పుడు ఇంటర్ సెకండియర్. చిన్నప్పటి సంది లెక్కలు నోటితోని మస్తు చేసేది, కిరాణం బిల్లు దుకాణపాయన కంటె ముందు చెప్పేది, కాయితం మీద పెడితే 16 ని 61 అని రాసేది. నేను నాలుగేండ్లు కొట్టిన, తిట్టిన, మూడు ట్యూషన్లు పెట్టిన, రోజుకు ఐదు పేజీలు కాపీ రైటింగ్ రాయిపిచ్చిన. ఏడో తరగతిల బాత్‌రూమ్‌ల కూసొని ఏడుస్తుంటే చూసిన, అప్పుడు ఆపిన. గది నాలుగేండ్ల ముందు ఆపాల్సింది.

డిస్లెక్సియా, అంటే చదువుడు రాసుడు దగ్గర వచ్చే ఇబ్బంది, అని తేలినంక మా ఇంట్ల పెద్ద లొల్లి, వైకల్యం సర్టిఫికెట్ తీస్తె రేపు పెండ్లికి అడ్డం అని మా అమ్మ, అక్కలు. నేను చట్టం చదువుకున్న. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంల 21 రకాలు ఉన్నయి, అండ్ల స్పెసిఫిక్ లెర్నింగ్ డిసెబిలిటీ కూడ ఉన్నది. ఇది తెలివి తక్కువ అని రాసిచ్చే కాయితం కాదు, తెలివి ఉన్నా చదువుడు రాసుడు దగ్గర అడ్డం ఉన్నది అని రాసిచ్చే కాయితం. స్వావలంబన్ పోర్టల్‌ల యూడీఐడీ అనే దివ్యాంగుల గుర్తింపు కార్డుకు పెట్టుకున్నం, మెడికల్ బోర్డుకు రెండు మాట్ల తిరిగినం. సీబీఎస్‌ఈ పదోతరగతిల మూడు గంటల పేపర్‌కు 60 నిమిషాలు ఎక్కువ ఇచ్చిండ్రు, చదివి వినిపించెటందుకు మనిషినిచ్చిండ్రు. ఆ కాయితం లేకుంటే అవేమీ రావు. ఆ గంటతోనే మా బిడ్డ లెక్కల పేపర్ మొదటిసారి ఆఖరి దాక రాసింది.

ఒకవేళ స్కూల్ అస్సలు ఇనకపోతే ఎన్‌ఐఓఎస్ అని కేంద్రం ఓపెన్ స్కూల్ ఉన్నది, 14 ఏండ్లు నిండితే పది రాయొచ్చు, ఐదు సబ్జెక్టులు మనమే ఎంచుకోవచ్చు, ఒక్క భాష ఉంటె చాలు, ఐదేండ్లల్ల మెల్లగ ఒక్కొక్కటి పాస్ అవ్వొచ్చు. నీ కొడుకుకు ఇంకా మస్తు టైమున్నది, కని తెలిసి ఉంటె భయం తగ్గుతది.

టెక్సస్ తెలుగమ్మాయి:

అక్కా మాది డాలస్ దగ్గర. ఇక్కడ అన్నీ సాఫీగా ఉంటాయని అనుకోకండి. ఇక్కడ కిండర్‌గార్టెన్, ఫస్ట్ గ్రేడ్‌లోనే డిస్లెక్సియా స్క్రీనింగ్ చేస్తారు, వైకల్యం ఉన్నవాళ్ళ కోసం చేసిన 1973 చట్టంలో సెక్షన్ 504 కింద ఎక్కువ టైమ్, కీబోర్డ్ లాంటివి రాసిస్తారు. కానీ మా పాపకి గ్రేడ్‌కి తగ్గట్టు మార్కులు వస్తున్నాయి కదా ఇంకేం ప్రాబ్లమ్ అని రెండేళ్ళు తోసేశారు, ఆ మార్కుల కోసం అది రోజూ రాత్రి పదింటి దాకా కూర్చునేదని ఎవరూ అడగలేదు. చివరికి బాగా తెలివైన పిల్లలకిచ్చే గిఫ్టెడ్ ప్రోగ్రామ్, 504 ప్లాన్ రెండూ ఒకేసారి ఇచ్చారు. ఒకటి ఉంటే ఇంకోటి ఇవ్వం అని ఎవరైనా అంటే నమ్మకండి అక్కా, మాకు మొదట అదే చెప్పారు. తొమ్మిదేళ్ళకే టైపింగ్ మొదలుపెట్టండి, రోజుకి పది నిమిషాలు చాలు, ఆరో క్లాసుకి చేతికొచ్చేస్తుంది.

చిన్నోడి అమ్మ, హైదరాబాద్:

అందరికీ చేతులెత్తి దణ్ణం అండి. నిన్న రాత్రి వాడితో కూర్చుని నువ్వు చెప్పు నేను రాస్తా అన్నా, బాష్పీభవనం గురించి ఒక ప్రశ్న అడిగితే కుండ నీళ్ళు ఎందుకు చల్లబడతాయో దాకా వెళ్ళిపోయాడు, నా చెయ్యే నొప్పెట్టింది. రాసింది చూపిస్తే ఇదంతా నేనే చెప్పానా అని రెండుసార్లు చదివించుకున్నాడు. మా ఆయన వింటూ నిలబడ్డారు, ఇన్నాళ్ళూ ట్యూషన్ ట్యూషన్ అన్న మనిషి పొద్దున్నే లీవ్ పెట్టి నేనూ స్కూల్‌కి వస్తా అన్నారు. సోమవారం వెళ్తున్నాం. నోటి పరీక్ష, ఒలింపియాడ్, జిరాక్స్ నోట్స్, ఈ మూడే అడుగుతాం. మేడమ్ రిపోర్ట్ అంతా ఇవ్వాలా స్కూల్‌కి?

స్పెషల్ ఎడ్యుకేటర్, విజయవాడ:

అంతా వద్దమ్మా, స్కోర్ల పేజీ, సిఫార్సుల పేజీ ఇస్తే చాలు. ఇంటి విషయాలు రాసిన పేజీలు మీ దగ్గరే ఉంచుకోండి. బాబు నోట్‌బుక్ ఒకటి, నిన్న మీరు రాసిన ఆ కాగితం ఒకటి పక్కపక్కన పెట్టి చూపించండి, మీరు మాట్లాడాల్సింది సగం అవే చెప్తాయి.

ఓరుగల్లు నాన్న:

చెల్లె, నోటితోని అడిగి ఊకోకు, ఉత్తరం రాసుకొని పో. రెండు కాపీలు పట్టుకపో, ఒకటి వాళ్ళకిచ్చి రెండోదాని మీద ఆఫీసుల తేదీతోని స్టాంప్ ఏపిచ్చుకో.