అప్‌డేట్: అమ్మ మణికట్టు దగ్గర నాడి అందకపోవడం గురించి

మణికట్టు ధమనిలోంచి సన్నని గొట్టం పంపి చేసిన యాంజియోగ్రామ్ తర్వాత అమ్మ కుడి మణికట్టు దగ్గర నాడి అందడం లేదని పోయిన వారం అడిగాను. మీరు చెప్పినట్టే రక్త ప్రవాహాన్ని చూపే డాప్లర్ స్కాన్ చేయించాం. గొట్టం పెట్టిన రేడియల్ ధమని (బొటనవేలి వైపు ఉండేది) మూసుకుపోయింది. అయితే చిటికెన వేలి వైపు ఉండే అల్నార్ ధమని అరచేతికి రక్తం అందిస్తోంది, వేళ్లు వెచ్చగానే ఉన్నాయి. అది విన్నాకే నా మనసు కుదుటపడింది.

ఇలా మూసుకుపోవడానికి కారణాలు ఉన్నాయి: అమ్మది సన్నని శరీరం, మధుమేహం ఉంది, అదే చేతి నుంచి యాంజియోగ్రామ్ చేయడం ఇది రెండోసారి. పైగా వాడిన 6 ఫ్రెంచ్ (గొట్టాల సైజు కొలత) గొట్టం వెలుపలి వ్యాసం సుమారు 2.5 మిల్లీమీటర్లు, అమ్మ ధమని అంతకన్నా సన్నం. రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ అనే మందు మాత్రం ఇచ్చారు. నన్ను ఎక్కువగా బాధిస్తున్నది గొట్టం తీశాక మణికట్టుకు కట్టే పట్టీ సంగతి. రక్తం కారకుండా, లోపల ప్రవాహం మాత్రం ఆగకుండా బిగించాలట. అమ్మకు గట్టిగా బిగించి గంటల తరబడి వదిలేశారు. మీ వాళ్లకు ఈ పరీక్ష చేయిస్తుంటే, పట్టీ ఎప్పుడు వదులు చేస్తారో దయచేసి ముందే అడగండి.

నెల తర్వాత మళ్లీ స్కాన్ ఉంది.