ఎంఎస్‌లో బ్యాలెన్స్ పరీక్ష: అలసిపోకముందా, అలసిపోయాకా?

నాడీబంధు: మల్టిపుల్ స్క్లెరోసిస్ (ఎంఎస్, మెదడు, వెన్నుపాముల్లో నాడుల పైపొర దెబ్బతినే జబ్బు) ఉన్నవారికి విశ్రాంతిగా ఉన్నప్పుడు బ్యాలెన్స్ చూసి వదిలేస్తే సరిపోతుందా? బ్యాలెన్స్ కొలిచే బెర్గ్ స్కేలులో 56కి 52 తెచ్చుకుని, సాయంత్రానికి గోడ పట్టుకుని నడిచేవాళ్లుంటారు. అలసిపోయాక కూడా కొలవాలంటాను.

నడకశాల: ఒప్పుకోను. రెండు రకాల అలసటని ఒకే గాటన కట్టేస్తున్నారు. మనిషికి అనిపించేది ఒకటి, అలసట ప్రశ్నావళి ఎంఎఫ్ఐఎస్‌లోని 21 ప్రశ్నలు అడిగేది దాన్నే. వాడేకొద్దీ కండరం పనితీరు పడిపోవడం వేరు. మొదటిది ఎక్కువున్నంత మాత్రాన తూలడం ఎక్కువుండాలని లేదు. పైగా నాడులు బాగా దెబ్బతిన్నవాళ్లకి అలసటా, తూలుడూ రెండూ ఉంటాయి, అంతమాత్రాన ఒకదానికి ఒకటి కారణమైపోదు.

నాడీబంధు: నేనంటున్నది రెండోదాన్నే. మైలిన్ అనే పైపొర దెబ్బతిన్న నాడిలో సంకేతం నెమ్మదిస్తుంది, వరసపెట్టి వాడితే దారిలోనే ఆగిపోతుంది. ఒంటి వేడి అర డిగ్రీ పెరిగినా కొందరికి ఇంతే, ఊథాఫ్ ప్రభావం అంటారు. పాదం నుంచి కబురు ఆలస్యమైతే, ఒళ్లు బాగా ఒరిగాక గానీ సర్దుకోదు. నడిపించి చూడండి. మొదటి నిమిషంలో మడమే ముందు ఆనుతుంది. ఐదో నిమిషానికి పాదం ముందుభాగం లేవక బొటనవేలు నేలకి రాసుకుంటుంది, తుంటి ఎత్తి కాలు పక్కనుంచి తిప్పి వేస్తారు. కూర్చుని లేచిన వెంటనే చేసే పరీక్షకి ఇది దొరకదు.

ఫిజియోగది: కొలిచేట్టయితే ఇలా. గది మూలలో గోడలవైపు వీపు, ముందు కదలని కుర్చీ, పక్కన ఒక మనిషి. పాదాలు జోడించి కళ్లు తెరిచి 30 సెకన్లు, మూసి 30 సెకన్లు. ఆరు నిమిషాలు నడిపించి వెంటనే మళ్లీ అదే. పది నిమిషాలు కూర్చోబెట్టి మూడోసారి. నడక తర్వాత కళ్లు మూసినప్పుడే పట్టు తప్పితే పాదాల స్పర్శ మీదా, లోపలి చెవి నుంచి వచ్చే సంకేతాల మీదా అనుమానపడాలి. కళ్లు తెరిచినా తప్పుతుంటే కాలి బలం, చిన్నమెదడు చూడాలి. మనిషి తోడు లేకుండా ఇంట్లో చేయొద్దు.

నడకశాల: సరే, కొలవండి. శిక్షణ మాత్రం అలసిన కాళ్లతో వద్దు. పడేది అలసినప్పుడే కదా, అప్పుడే సాధన చేయాలనేవాళ్లున్నారు. అలా చేస్తే ఒంటికి అలవాటయ్యేది తుంటి ఎత్తే ఆ అడ్డదారే. ముందు బ్యాలెన్స్, తర్వాత బలం, చివర్లో నడక. సెట్టుకీ సెట్టుకీ మధ్య కూర్చోవాలి, ఫ్యాను, చల్లని నీళ్లు దగ్గరుండాలి.

నాడీబంధు: వరస బాగుంది. మరి మెట్లు, మాట్లాడుతూ నడవడం? అవి ఎప్పుడూ తాజాగా ఉన్నప్పుడే ఎదురవ్వవు. కొద్దిగా అలసిన స్థితిలో, రెయిలింగ్ పట్టుకుని వాటినీ సాధన చేయించాలి.

నడకశాల: పాదం రాసుకోవడం మొదలవకముందే ఆపేస్తానంటే అభ్యంతరం లేదు.

ఫిజియోగది: ఒక్కటి. విశ్రాంతి తీసుకున్నా, ఒళ్లు చల్లబడినా తగ్గని కొత్త తూలుడు 24 గంటలు దాటితే అలసట ఖాతాలో వేయకండి. జ్వరం, మూత్రనాళ ఇన్‌ఫెక్షన్ ఉన్నాయేమో చూడాలి. అవి లేకపోతే రిలాప్స్ (జబ్బు మళ్లీ రేగడం) కావచ్చు, న్యూరాలజిస్టుకి వెంటనే చెప్పాలి.