బస్తాలు మోసేవాడికి వాకింగ్ కూడా కావాలా?

మిర్యాలగూడ తమ్ముడు:
మా బావ రైస్ మిల్లులో హమాలీ, వయసు 47. పోయిన వారం కళ్లు తిరిగితే చూపించాం, బీపీ 160/100 ఉంది. డాక్టర్ మాత్రలు రాసి రోజూ అరగంట నడవమన్నారు. "పొద్దుగాల నుంచి 50 కిలోల బస్తాలు మోసేటోనికి వాకింగ్ ఏందిరా" అని బావ కొట్టిపారేస్తున్నాడు. పొట్ట కూడా లేని మనిషి, ఆయన మాటలో న్యాయం ఉందనే నాకూ అనిపిస్తోంది. అక్క మాత్రం టెన్షన్‌తో నిద్రపోవట్లేదు. మీరేమంటారు?

కృష్ణాతీరం:
బావగారు చెప్పిందే కరెక్ట్. లండన్ డబుల్ డెక్కర్ బస్సుల్లో రోజంతా మెట్లెక్కి దిగే కండక్టర్లకు, కూర్చుని నడిపే డ్రైవర్ల కన్నా గుండెజబ్బు తక్కువని బ్రిటన్ పరిశోధకుడు జెర్రీ మోరిస్ 1953లోనే చూపించాడు. వాళ్లేమీ పార్కుకెళ్లి నడవలేదు కదా, డ్యూటీ చేశారంతే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో వారానికి 150 నుంచి 300 నిమిషాల శ్రమ ఉండాలని చెప్పినప్పుడు కూడా ఉద్యోగంలో పడే కష్టాన్ని ఆ లెక్కలోంచి తీసేయలేదు.

రిటైర్డ్ కండక్టర్:
నేను ఆర్టీసీలో చేసినవాణ్ని, ఆ లండన్ కథ నాకు బాగా ఇష్టం. కానీ తర్వాత యూనిఫాం కొలతలు చూస్తే, డ్రైవర్ల నడుములు ఉద్యోగంలో చేరే నాటికే లావుగా ఉన్నాయని తేలింది, అది కూడా మోరిస్ బృందమే బయటపెట్టింది. పైగా టికెట్లు కొడుతూ తిరగడం వేరు, బస్తా మోయడం వేరు.

ఫిజియో మాట:
అసలు సంగతి అదే అన్నా. బరువెత్తేటప్పుడు ఊపిరి బిగబడతాం, ఆ క్షణాన బీపీ ఎగదన్నుతుంది. రోజంతా అదే పని, మధ్యలో ఒంటికి తేరుకునే టైమే ఉండదు. చేతులూపుకుంటూ చురుగ్గా నడిస్తే రక్తనాళాలు సడలుతాయి, ఆ తర్వాత కొన్ని గంటలు బీపీ తగ్గి ఉంటుంది. 2018లో 17 పరిశోధనలు, 1,93,696 మంది వివరాలు కలిపి చూస్తే, ఒళ్లు విరిగే ఉద్యోగాల్లో ఉన్న మగవాళ్లు తొందరగా చనిపోయే ముప్పు 18 శాతం ఎక్కువగా కనిపించింది. ఆడవాళ్లలో ఆ తేడా లేదు.

కృష్ణాతీరం:
ఆ 18 శాతం పని వల్లనేనా, పేదరికం వల్లనా? 2021లో నార్వేలో 4 లక్షల మందికి పైగా లెక్క తీసి, చదువు, ఆదాయం, సిగరెట్లు అన్నీ సరిచూస్తే, శ్రమ చేసే మగవాళ్లు కూర్చుని పనిచేసేవాళ్ల కన్నా కాస్త ఎక్కువే బతికారు.

ఫిజియో మాట:
ఒప్పుకుంటా, ఆ చర్చ ఇంకా తెగలేదు. కానీ నార్వే కూలీకి ఉండే సెలవులు, పనిలో భద్రత మన మిల్లు హమాలీకి ఎక్కడివి? పైగా ఇక్కడ మనిషికి బీపీ 160 ఉంది. తమ్ముడూ, ముందు మాత్రలు మానకుండా చూడు. మోసేటప్పుడు ఛాతీ పట్టేసినట్టున్నా, ఆయాసం వచ్చినా బస్తా అక్కడే దించేసి ఆసుపత్రికి పోవాలి.

మిర్యాలగూడ తమ్ముడు:
అందరికీ థాంక్స్. పని రోజుల్లో నడవమంటే వినడు, అలసిపోయి వస్తాడు, నేనూ అడగలేను. మిల్లు సెలవు రోజున సాగర్ కాల్వ గట్టు మీద నడుద్దామంటే, "నువ్వొస్తే వస్తా" అన్నాడు. మిగతా రోజుల సంగతి డాక్టర్‌నే అడుగుతాం.