అప్‌డేట్: పీహెచ్ 7.4లో చెదిరిపోతున్న ఆల్జినేట్ గుళికలు, కారణం దొరికింది

గుంటూరులో ఎం.ఫార్మసీ ప్రాజెక్టు చేస్తూ నెల క్రితం ఇక్కడ ప్రశ్న అడిగింది నేనే. నోటి ద్వారా ఇచ్చే మందు కోసం సముద్రపు నాచు నుంచి తీసే సోడియం ఆల్జినేట్ అనే పాలిమర్‌ను కాల్షియం క్లోరైడ్‌లో గుళికలుగా గట్టిపరిచాను. కడుపులోని స్థితిని పోలిన పీహెచ్ 1.2 ఆమ్లంలో అవి చెక్కుచెదరలేదు, పేగుల్లోని స్థితిని పోలిన 7.4 ఫాస్ఫేట్ బఫర్‌లో (పీహెచ్‌ను నిలకడగా ఉంచే ద్రావణం) వేస్తే అరగంటకే చెదిరిపోయేవి. సమాధానాలిచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

దోషం పాలిమర్‌ది కాదు, బఫర్‌ది. ఫాస్ఫేట్ కాల్షియాన్ని లాగేసుకుంటుంది, ఫాస్ఫేట్ లేని ట్రిస్ బఫర్‌లో వేసి చూడండి అని ఒకరు ఇచ్చిన సలహాయే నిజమైంది. ఒకే విడత గుళికలను రెండు బీకర్లలో వేశాను. రెండింటిలోనూ పీహెచ్ 7.4, వేడి 37 డిగ్రీలు. ట్రిస్‌లో గుళికలు ఉబ్బి మెత్తబడ్డాయి కానీ గంట దాటినా గుండ్రంగానే ఉన్నాయి. ఫాస్ఫేట్‌లో అంచులు జారిపోయి, ద్రవం పలచని పాలనీళ్లలా మారింది. ఆల్జినేట్‌లోని కార్బాక్సిల్ (ఆమ్ల) సమూహాలు అయనీకరణం చెంది, అంటే ఋణావేశం పొంది, జెల్ ఉబ్బడం మనకు కావలసిందే. దాన్ని పట్టి ఉంచే కాల్షియమే పోతే ఇక జెల్ ఎక్కడిది?

పీహెచ్ మీటర్ సరిగానే ఉంది. మా ఊరి మే ఎండను కూడా అనుమానించాను, దానికీ సంబంధం లేదు. కాల్షియం క్లోరైడ్ గాఢత పెంచినా పెద్ద తేడా రాలేదు.

ఇప్పుడు గుళికలపై కైటోసాన్ (రొయ్యల పెంకుల నుంచి తీసే పాలిమర్) పూత వేస్తున్నాను. దాని ధనావేశ అమైనో సమూహాలు ఆల్జినేట్‌ను పట్టుకోవడంతో ఫాస్ఫేట్‌లోనూ గుళికలు రెండు గంటలు నిలిచాయి. రెండు బఫర్ల ఫలితాలనూ థీసిస్‌లో పక్కపక్కనే పెట్టమని మా గైడ్ చెప్పారు.