తక్కువ పని పెట్టుకుంటే ఎక్కువ పని అవుతుందా?

గుంటూరు లెడ్జర్: ఆడిటర్ గారి ఆఫీసులో అకౌంటెంట్‌ని. నెలనెలా 11కి జీఎస్టీఆర్-1 (అమ్మకాల జీఎస్టీ రిటర్ను), 20కి 3బి (పన్ను లెక్కకట్టి కట్టే రిటర్ను). ఈ మధ్యలో ఏ పార్టీ (అదే, క్లయింటు) ఫోన్ చేస్తే వాళ్ల ఫైల్ తెరుస్తా. టాలీలో (లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్) అరడజను కంపెనీలు తెరిచే ఉంటాయి, ఒక్కటీ తెమలదు. పని తగ్గించుకో అంటాడు మా తమ్ముడు. సార్ ఒప్పుకుంటారా?

పాత గుమాస్తా: ఒప్పుకోరు. చెప్పకుండా చేసెయ్యండి :) నేను భోజనం దాకా ఒక్క పార్టీదే పట్టుకుంటా. కొనుగోలు బిల్లులు 2బితో (అమ్మినవాళ్లు చూపిన బిల్లులతో జీఎస్టీ పోర్టల్ ఇచ్చే జాబితా) సరిచూసి, తేడాలు వాట్సాప్‌లో పంపాకే రెండోది. సగంలో వదిలేస్తే ఎక్కడ ఆపామో వెతుక్కోడానికే అరగంట. ఇంకోటి, ఎవరూ చదవని రోజువారీ స్టేట్‌మెంట్ మానేశా. ఇంతవరకు అడిగిన నాథుడు లేడు.

మల్లెతోట: ఐస్‌లాండ్‌లో 2015–19 మధ్య సుమారు 2,500 మందికి జీతం తగ్గించకుండా వారానికి 40 గంటల పనిని 35–36కి తెచ్చారు. చాలాచోట్ల పనేమీ కుంటుపడలేదు. మీటింగులు కుదించారట. మనకు మాత్రం 20వ తేదీ ఆగదు కదండీ!

గుంటూరు లెడ్జర్: 2బి 14న వస్తుందిగా, అప్పట్నుంచి మొదలెడతా. ఫోన్ ఎత్తకపోతే పార్టీలు సార్‌కి చేస్తారే?

పాత గుమాస్తా: నాలుగు తర్వాత నేనే చేస్తానని పొద్దున్నే మెసేజ్ పడెయ్యండి. సగం మంది ఈలోపు మర్చిపోతారు.