నాచు డీజిల్: నిజంగా పనికొచ్చేదా, లేక ఇంకో ఈము పక్షా?

కొత్తబండి:
అందరికీ నమస్తే. మా బావమరిదికి తాడేపల్లిగూడెం దగ్గర రెండెకరాలు ఖాళీగా ఉంది, వాడి దగ్గరికి ఎవరో వచ్చి నాచు పెంచితే డీజిల్ తీయొచ్చు, ఆయిల్ పామ్ కన్నా ఎకరానికి పది రెట్లు నూనె, షీట్లు వేసి ట్యాంకులు మేమే కట్టిస్తాం, పంట మేమే కొంటాం, ముందు ఎనిమిది లక్షలు కట్టండి అన్నారంట. వాడు సగం ఒప్పేసుకున్నాడు కూడా. నాకు టెక్నికల్‌గా ఏమీ తెలీదు గానీ "పంట మేమే కొంటాం" అన్న మాట వినగానే, అప్పట్లో ఈము పక్షులు పెంచి కొనేవాడు లేక మునిగినవాళ్ళు గుర్తొచ్చారు. అసలు నాచు నుంచి నూనె నిజమేనా, పెట్రోల్ డీజిల్ బదులు వాడే సీన్ ఉందా? తెలిసినవాళ్ళు చెప్పండి, ప్లీజ్ తిట్టుకోకుండా.

పచ్చజెండా:
ముందు ఆ డబ్బు కట్టకుండా ఆపండి బ్రో, అది వేరే సంగతి. కానీ సైన్స్ మాత్రం నిజమే. కొన్ని రకాల సూక్ష్మ నాచు ఎండబెట్టిన బరువులో 20 నుంచి 50 శాతం దాకా నూనె ఉంటుంది, సాగుభూమి అక్కర్లేదు, ఉప్పునీళ్ళలో కూడా పెరుగుతుంది, కిలో నాచు పెరగాలంటే దాదాపు 1.8 కిలోల కార్బన్ డయాక్సైడ్ లాక్కుంటుంది. 2009లోనే హ్యూస్టన్‌లో కాంటినెంటల్ విమాన కంపెనీ వాళ్ళు బోయింగ్ 737 ఒక ఇంజిన్‌లో సగం బయో ఇంధనం పోసి ఎగరేసి చూశారు, అందులో జట్రోఫా (అడవి ఆముదం) నూనెతో పాటు నాచు నూనె కూడా ఉంది. 2011లో యునైటెడ్ వాళ్ళు హ్యూస్టన్ నుంచి షికాగోకి ప్రయాణికుల్ని ఎక్కించుకుని 40 శాతం నాచు ఇంధనం కలిపి వెళ్ళారు. ఇప్పుడు మనం చేస్తున్నదేంటి, మొక్కజొన్న, బియ్యం తీసుకెళ్ళి ఇథనాల్ చేసి పెట్రోల్‌లో కలుపుతున్నాం, ఆ ఫ్యాక్టరీ మా ఊళ్ళో వద్దని 2024లో నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్ జనం రోడ్డు మీద కూర్చున్నారు. నాచుతో తిండి గొడవ లేదు కదా.

హ్యూస్టన్ బాబాయ్:
తమ్ముడూ, ఆ షికాగో ఫ్లైట్ గురించి సగమే చెప్పావు. అందులో పోసింది సోలాజైమ్ కంపెనీ నూనె. వాళ్ళ నాచు ఎండలో పెరగలేదు, చీకట్లో స్టీల్ ట్యాంకుల్లో చక్కెర తిని పెరిగింది, మన బీరు తయారీ లాగా. చక్కెర ఎక్కడిది, చెరుకుదేగా. అంటే తిండి గొడవ లేదన్న మాట అక్కడే పోయింది. అప్పట్లో అమెరికా నేవీ ఈ కంపెనీ దగ్గర ఇరవై వేల గ్యాలన్లు కొన్నది, లెక్కేస్తే గ్యాలన్ (దాదాపు 3.8 లీటర్లు) 424 డాలర్లు పడింది. తర్వాత రేటు బాగా తగ్గిందిలే గానీ మామూలు డీజిల్ దరిదాపులకి రాలేదు. చివరికి ఆ కంపెనీ నాచు నూనెతో మొహానికి రాసుకునే క్రీములు అమ్మింది, తర్వాత వంటనూనెల వైపు తిరిగి పేరు మార్చుకుంది, 2017లో దివాళా తీసింది. బండి ట్యాంకులో పోయాలని బయల్దేరి బ్యూటీ పార్లర్ దగ్గర ఆగిపోయారు.

చమురు కంపెనీ ఎక్సాన్ కథ ఇంకా పెద్దది. 2009లో జీన్ల శాస్త్రవేత్త క్రెయిగ్ వెంటర్ కంపెనీతో కలిసి 60 కోట్ల డాలర్ల దాకా పెడతాం అని మొదలెట్టారు. 2017లో జీన్ మార్చి నూనె 20 శాతం నుంచి 40 పైకి తెచ్చాం అన్నారు, ఇక్కడ టీవీ పెడితే చాలు ఆ పచ్చ నీళ్ళ యాడ్లే. 2025కల్లా రోజుకి పదివేల బ్యారెళ్ళు తీసే స్థాయికి టెక్నాలజీ తెస్తాం అన్నారు. ప్రపంచం రోజుకి వాడేది పది కోట్ల బ్యారెళ్ళు, అంటే టార్గెట్ అందుకున్నా పదివేలలో ఒక వంతు. అదీ అందలేదు, దాదాపు 35 కోట్ల డాలర్లు ఖర్చయ్యాక 2023లో వదిలేశారు. నూనె అమ్ముకుని బతికేవాళ్ళే చేతులెత్తేశారు, మీ బావమరిది రెండెకరాల్లో చేస్తాడా?

ఉండి రైతు:
అయ్యా నేను చదువుకున్నోణ్ణి కాదు, ఇరవై ఏళ్ళుగా రొయ్యల చెరువులు చేస్తున్నానండి. మీరంతా నాచు పెంచాలి అంటున్నారు, మేం రోజూ పెంచుతూనే ఉన్నామండి, దాన్ని మేం ప్లాంక్టన్ అంటాం. నీళ్ళ రంగు చూసి మా రాత చెప్పెయ్యొచ్చు. లేత పచ్చగా ఉంటే నిద్ర పడుతుంది, చిక్కగా అయ్యిందంటే పట్టదు. ఎందుకంటే పగలు ఆక్సిజన్ ఇచ్చేదీ అదే, రాత్రి పీల్చేసేదీ అదే. మబ్బు పట్టి నాలుగు చినుకులు పడ్డాయంటే తెల్లారేసరికి మొత్తం చచ్చి అడుక్కి పోద్ది, నీళ్ళు మారిపోతాయి, రొయ్యలు పైకి తేలిపోతాయి. ఆ రోజుల్లో నీళ్ళలోకి గాలి కొట్టే ఏరేటర్ల దగ్గర మంచం వేసుకుని పడుకుంటామండి.

ఇంకోటి, మీకు కావాల్సిన రకం మీరు కోరుకున్నారని పెరగదండి. చెరువులో ఏ రకం గెలిస్తే అదే. హేచరీల్లో పిల్లలకి మేత కోసం కీటోసెరస్ అనే నాచు పెంచుతారు, ఏసీ గదిలో చిన్న ఫ్లాస్కులో మొదలెట్టి, సీసాల్లోకి, అక్కణ్ణించి బయట ట్యాంకుల్లోకి. నీళ్ళు బ్లీచింగ్ కొట్టి, వడపోసి ఇంత జాగ్రత్త చేసినా నాలుగు రోజులకి వేరే పురుగులు చేరి పాడైపోద్ది, పారబోసి మళ్ళీ ఫ్లాస్కు నుంచి మొదలు. రొయ్య పిల్లకి అంత రేటుంది కాబట్టి వాళ్ళకి గిట్టుద్దండి. డీజిల్‌కి గిట్టుద్దా? మా చెరువులో నూనె పెరిగే రకం వేస్తే రెండో వారానికి ఏ రకం మిగులుద్దో ఆ దేవుడికే తెలియాలి.

ఓరుగల్లు మాస్టారు:
ఉండి అన్న చెప్పింది మస్తు కరెక్టు. ఇప్పుడు లెక్క జూద్దాం, నేను కెమిస్ట్రీ చెప్తా కాబట్టి బోర్డు మీద రాసినట్టే రాస్త. తెరిచిన చెరువుల, బాగ నడిస్తే, ఏడాది సగటున చదరపు మీటరుకు రోజుకు 15 గ్రాముల నాచు వస్తదనుకో. ఎకరం 4,047 చదరపు మీటర్లు, అంటే రోజుకు 60 కిలోలు. పావు వంతు నూనె అంటే 15 కిలోలు, సుమారు 16 లీటర్లు. ఒక్కరోజు కూడ చెడిపోకుంటె ఏడాదికి ఆరు వేల లీటర్ల లోపే. ఆయిల్ పామ్ మంచిగ కాస్తే ఎకరానికి పదిహేడు పద్దెనిమిది వందల లీటర్లు, అంటే మూడు రెట్లు, పది రెట్లు కాదు. లీటరు వంద రూపాయలేసుకున్న రోజుకు పదహారు వందలు. అండ్ల కరెంటు, ఎరువు, కూలి, షీట్లు అన్నీ తీసెయ్యాలె.

ఇగ అసలు గొడవ వడకట్టుడు. చెరువుల లీటరు నీళ్ళకు అర గ్రాము నాచు ఉంటది. లీటరు నూనెకు నాలుగు కిలోల నాచు గావాలె, అంటే ఎనిమిది వేల లీటర్ల నీళ్ళు జల్లెడ పట్టాలె, ట్యాంకరున్నర! నీళ్ళు వేరు చేసే సెంట్రిఫ్యూజ్ మిషన్ల గిర్రున తిప్పినంక కూడ అది ముద్ద తీరుగనే ఉంటది, ఐదు కిలోల ముద్దల నాలుగు కిలోలు నీళ్ళే. ఆ నాలుగు కిలోల నీళ్ళను ఆవిరి చేసెతందుకు రెండున్నర యూనిట్ల వేడి గావాలె. మిగిలిన కిలో నాచుల వచ్చే పావు కిలో నూనెల ఉన్న శక్తి కూడ రెండున్నర యూనిట్లే. అంటే నూనె మొత్తం కాలబెడితే నాచు ఎండుతది, గంతే.

పచ్చజెండా:
మాస్టారూ లెక్క బాగుంది కానీ ఎండబెట్టడం పాత పద్ధతి. ఇప్పుడు తడి ముద్దనే 300 డిగ్రీల పైన ప్రెషర్‌లో వండి ముడిచమురు లాంటిది తీస్తున్నారు, నీళ్ళు ఆవిరి చేయక్కర్లేదు, నూనె ఒక్కటే కాదు పిండి, ప్రొటీన్ కూడా అందులోకి వచ్చేస్తాయి. ఇంకో విషయం ఎవరూ మాట్లాడట్లేదు, డబ్బు. అమెరికా ప్రభుత్వం 1978 నుంచి 1996 దాకా నాచు మీద రీసెర్చ్ చేసింది, పద్దెనిమిదేళ్ళకి కలిపి పెట్టింది రెండున్నర కోట్ల డాలర్లే, ముడిచమురు చవకైందని మూసేసింది. చమురు ధర పెరిగితే నాచు గుర్తొస్తుంది, తగ్గితే మర్చిపోతారు. సోలార్ కూడా ఒకప్పుడు శాటిలైట్లకి తప్ప దేనికీ గిట్టదు అన్నారు కదా, వదలకుండా చేశారు కాబట్టే ఈరోజు మన మేడల మీదికి వచ్చింది. నాచుకి ఆ ఓపిక ఎవరు చూపించారు?

ఓరుగల్లు మాస్టారు:
తమ్మీ, ఆ వండుడు నాకు ఎరుకే, నిజంగనే మంచి పద్ధతి. కానీ ప్రొటీన్‌ల ఉన్న నైట్రోజన్ కూడ ఆ చమురుల కలుస్తది, మళ్ళ దాన్ని హైడ్రోజన్ పెట్టి శుభ్రం జెయ్యాలె, అది ఇంకో ఖర్చు. సోలార్ పేరు నువ్వే ఎత్తినవు కాబట్టి అడుగుత. అదే ఎకరంల ప్యానెళ్ళు పెడితే రోజుకు ఎనిమిది తొమ్మిది వందల యూనిట్ల కరెంటు. నాచు నూనె 16 లీటర్ల ఉన్నది నూట యాభై యూనిట్ల వేడి, ఇంజిన్ల బోస్తే అండ్ల మూడో వంతు కూడ చక్రం దాకా పోదు. గదే కరెంటు బ్యాటరీ బండిల బోస్తే? ఆకు ఎండను పట్టుకునే తీరే గట్ల ఉంటది, మంచి నాచు కూడ ఎండల రెండు మూడు శాతమే దాచుకుంటది, ప్యానెల్ ఇరవై శాతం. ఎంత ఓపిక పట్టిన, ఎన్ని జీన్లు మార్చిన ఆ తేడ సగం కూడ పూడదు. నాచుల నూనె పెరగాలంటే నైట్రోజన్ ఎరువు బంద్ జెయ్యాలె, బంద్ జేస్తే పెరుగుడే ఆగుతది, అది ఇంకో తిరకాసు.

కార్బన్ సంగతి కూడ. రామగుండం అసుంటి ప్లాంట్ల పొగ గొట్టం కాడ నాచు పెంచుతమంటరు. పెంచినవు, డీజిల్ జేసినవు, లారీల కాలబెట్టినవు, ఆ బొగ్గు కార్బన్ మళ్ళ గాలిలకే పాయె. రెండుసార్లు వాడుకున్నట్టు అయితది, నిజమే, కానీ దాచిపెట్టినట్టు కాదు.

పచ్చజెండా:
సరే కార్లు, స్కూటర్లు వదిలేస్తున్నా, బ్యాటరీదే గెలుపు, ఒప్పుకుంటా. విమానం సంగతి? బ్యాటరీలతో హైదరాబాద్ నుంచి లండన్ వెళ్ళలేం. మన ప్రభుత్వమే అంతర్జాతీయ ఫ్లైట్లకి 2027లో ఒక శాతం, 2028లో 2 శాతం, 2030కి 5 శాతం బయో ఇంధనం కలపాలని లక్ష్యం పెట్టింది. వాడేసిన వంటనూనె అంత దొరకదు. అప్పుడు నాచు కాక ఏముంది?

హ్యూస్టన్ బాబాయ్:
అది న్యాయమైన ప్రశ్న. విమానాల దగ్గర నాకూ గట్టి జవాబు లేదు, అక్కడ లీటరుకి రెండు మూడు రెట్లు పెట్టినా కొనేవాళ్ళు ఉండొచ్చు. కాకపోతే 2012లో అమెరికా నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్ వాళ్ళ రిపోర్టు చదువు, ఆ దేశ రవాణా ఇంధనంలో కేవలం 5 శాతం నాచుతో తీయాలన్నా అప్పటి టెక్నాలజీతో నీళ్ళు, ఎరువులు, కరెంటు మోయలేనంత అవుతుందని రాశారు. ఎరువు అంటే యూరియా, ఫాస్ఫేట్, మన రైతులు క్యూలో నిలబడి తెచ్చుకునేవే. మురుగునీళ్ళలో అవి ఉచితంగా ఉంటాయి అంటావేమో, అది నేనూ ఒప్పుకుంటా, మురుగు శుద్ధి కోసమే నాచు పెంచి, మిగిలింది ఇంధనం అనుకుంటే అర్థం ఉంది. అక్కడ అసలు సరుకు శుభ్రమైన నీళ్ళు, నూనె కొసరు.

ఉండి రైతు:
కొసరు అన్నారు చూడండి, అదే మాట. స్పిరులినా అనే తినే నాచు పెంచి పొడి అమ్మేవాళ్ళు బతుకుతున్నారు, అది కిలోల లెక్క, వందల్లో రేటు. డీజిల్ ట్యాంకర్ల లెక్కండి. పోయిన రోజుల్లో జట్రోఫా కూడా ఇలాగే చెప్పారు, అడవి ఆముదం వెయ్యండి, నీళ్ళు అక్కర్లేదు, పశువు ముట్టదు, డీజిల్ కాస్తుంది అని. మా చుట్టాలు మెట్టలో వేశారు. పశువు ముట్టలేదు నిజమే, కొనేవాడూ ముట్టలేదు.

కొత్తబండి:
అందరికీ థాంక్స్. మాస్టారి లెక్క వాట్సాప్‌లో బావమరిదికి పంపా, చూసి ఇంగ్లీషు బ్రోచర్‌లో వేరేలా ఉందన్నాడు. నిన్న వాణ్ణే ఆ మనుషులకి ఫోన్ చేయించా, మూడు ప్రశ్నలు: నాచు రకం పేరేంటి, వడకట్టే మిషన్ ఎవరిది, తీసిన నూనె ఈరోజు దాకా ఎవరికి అమ్మారు. మొదటి రెండిటికీ ఏదో చెప్పారంట. మూడోదానికి "మా సార్ ఫోన్ చేస్తారు" అన్నారు, ఇంకా చేయలేదు.

ఉండి రైతు:
చెయ్యరండి. ఆ రెండెకరాలు నీళ్ళు పారే భూమేనా, ఊట ఉందా? వివరాలు పెట్టండి, కొబ్బరో కోకోనో చూద్దాం. చెరువు మాత్రం తవ్వించకండి, పక్క రైతు వరి ఉప్పెక్కిపోద్ది. నేను వెళ్ళాలి, మబ్బేస్తోంది.